అత్త దేవుడికిచ్చిన ముల్లంగి

క్లాసులో గంటసేపు విసుగు లేకుండా మాట్లాడతాను. ఇంట్లోవాళ్ళకు ఒక్క ముక్క విడమరిచి చెప్పాలంటే మాత్రం ఎక్కడలేని చిరాకు వస్తుంది నాకు. ఆ చిరాకు ఎంత పని చేసిందో చెప్పడానికి ఇన్నాళ్ళూ ధైర్యం చాలలేదు.

బాపట్లలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఆ ఏడాది సెలీనియం పిచ్చి పట్టుకుంది. అది మట్టిలో ఉండే ఒక మూలకం, గంధకానికి దగ్గరి చుట్టం. పోలికలు ఎంతగా కలుస్తాయంటే, గంధకం కోసం వేరు తెరిచిన దారిలోనే ఇదీ లోపలికి దూరుతుంది. వేరు తేడా కనిపెట్టలేదు. అక్కణ్ణుంచి కాడలోకి, ఆకులోకి పోయి గంధకం కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. మన ఒంటికి అది కావలసింది అణుమాత్రం. మించితే జుట్టు రాలుతుంది, గోళ్ళు ఊడతాయి. మరీ మించితే ఏమవుతుందో క్లాసులో చెప్పేటప్పుడు కూడా నేను త్వరగా దాటేసేదాన్ని. ఉడికించినంత మాత్రాన అది పోదు. అన్నిటికంటే నాకు భయం వేసేది ఒకటుంది. కొంత మోతాదు దాకా మొక్క మీద ఏ గుర్తూ కనబడదు. పైగా నవనవలాడుతూ ఇంకాస్త ఏపుగా పెరుగుతుంది.

నీళ్ళు నిలిచే వరిచేలో సెలీనియం చాలావరకు మట్టిని అంటిపెట్టుకుని వేరుకు అందదు. నాకు గాలి ఆడే మెట్ట మట్టి కావాలి. రేపల్లె దగ్గర పల్లెలో, నన్ను పెంచిన మేనత్త పెరడు గుర్తొచ్చింది. గంధకం బాగా లాక్కునే పంట అని ముల్లంగిని ఎంచుకున్నాను. నాలుగు మడులు కట్టాను. ఒక మడిని ఊరికే వదిలేసి, మిగతా మూడింటికీ సెలీనియం ఉప్పు కలిపిన నీళ్ళు పోశాను, ఒకదానికంటే ఒకదానికి ఎక్కువగా.

"ఏం పోస్తున్నావే?" అంది అత్త.

"బలానికి" అన్నాను. విడమరిచి చెప్పే ఓపిక లేదు. విషమంటే మడులతోపాటు నన్నూ పారతో ఎత్తి బయట పోస్తుందని తెలుసు. "ఈ ముల్లంగి మాత్రం ఇంట్లో ఎవరూ తినకూడదు అత్తా."

"తినంలేవే. ఆ మాత్రం తెలీదా నాకు?"

ఆ మాటతో నా మనసు కుదుటపడింది. ఆవిడ పది ప్రశ్నలు వేయందే దేన్నీ వదిలే మనిషి కాదు. ఎందుకని అడగనందుకే నాకు అనుమానం రావలసింది.

పంట పీకవలసిన ఆదివారం పొద్దున్నే బాపట్లలో రైలెక్కాను. తెనాలిలో దిగి రేపల్లె బండి కోసం గంటన్నర పడిగాపులు కాశాను. తాపీగా ఇడ్లీ తిన్నాను. వెంట తెచ్చుకున్న సంచుల మీద మడుల నంబర్లు రాసుకున్నాను. ఆ గంటన్నరను తలుచుకుని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

అత్త ఇంటికి తాళం వేసి ఉంది. చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్ళాను. మూడు మడులు ఖాళీ. తడిమట్టిలో ముల్లంగి పీకిన గుంటలు తప్ప ఆకు కూడా లేదు. ఏమీ పోయని మడి మాత్రం చెక్కుచెదరలేదు. అందులోవి కాస్త సన్నంగా ఉన్నాయి.

పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసింది. "మీ అత్త గుడికెళ్ళిందమ్మా. ఇయ్యాళ కోతల పండగ గదా! గంపెడు ముల్లంగి నెత్తిన పెట్టుకుని, 'మా అమ్మాయి కొత్త పంట, తొలికాపు దేవుడికే' అని ఊరంతా చెప్పుకుంటా పోయింది."

గుడి వైపు పరుగెత్తాను. మా లూథరన్ క్రైస్తవుల ఇళ్ళల్లో, అందులోనూ మా అత్త ఇంట్లో, కొత్త పంట తొలికాపును ఇంటివాళ్ళు నోట పెట్టరు. గుడికి, అంటే మా చర్చికి, ఇస్తారు. అదీ ఏరి ఏరి, ఏపుగా ఉన్నదే ఇస్తారు. ఇంట్లో తినకూడదని నేనంటే, చదువుకున్న పిల్లకు ఇంకా భక్తి మిగిలి ఉందని మురిసిపోయింది పిచ్చిది. సన్నవి ఇంటికి ఉంచింది.

గుడి వెనక షామియానా కింద పొయ్యి మీద పప్పుచారు గుండిగ తెర్లుతోంది. ముల్లంగి ముక్కలు పైకి తేలి, మళ్ళీ మునుగుతున్నాయి. ఆకు కూడా తరిగి వేశారు. పక్కన గరిటె పట్టుకుని అత్త. అంత వెలిగిపోతున్న ముఖం ఆవిడకు నేనెన్నడూ చూడలేదు. పెద్దవాళ్ళు బంతికి కూర్చుంటున్నారు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఇందులో విషముందని. కానీ అంతమందిలో ఆ మాటంటే, దేవుడి గుడికి విషం మోసుకొచ్చిన మనిషిగా అత్త మిగిలిపోతుంది. నా అబద్ధమూ బయటపడుతుంది. నిజం చెప్పాలంటే రెండోదానికే ఎక్కువ భయపడ్డాను. గుడ్డతో గుండిగ అంచు పట్టుకుని ఒక్క ఊపున వంచేశాను.

"అయ్యో, ఎంత పని చేశావమ్మా!" అని అందరూ లేచారు.

"కాలు జారిందండి" అన్నాను.

పాదం బొబ్బలెక్కింది. అత్త నన్ను పంపు దగ్గర కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళు పోస్తూ ఓదార్చింది. "ఏడవమాకే. పోయింది పెద్దోళ్ళ చారేగా. పిల్లల బంతి ఎప్పుడో లేచింది. నీ ముల్లంగి ఎంత బాగుందో! మళ్ళీ మళ్ళీ అడిగి పోయించుకున్నారు."

అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను.

అత్త చెయ్యి ఆగిపోయింది. చెంబు కింద పెట్టి లేచింది. గుడి ముందు పరుగులు పెడుతున్న పిల్లల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.