పక్క సీట్లో అన్నయ్య

మా అన్నయ్య గల్ఫ్ నుంచి పూర్తిగా వచ్చేసిన రోజున, సామాన్లన్నిటిలోకీ బరువైంది ఒక చెక్కపెట్టె. దాన్ని వరండాలో దింపించి, కాఫీ అయినా తాగకుండా మేకులు తీయించాడు. లోపల థర్మకోల్ ముక్కల మధ్య అల్యూమినియం యంత్రం ఒకటి, పాపాయిని పడుకోబెట్టినట్టు ఉంది.

"సూపర్‌ఛార్జర్ చెల్లాయ్" అన్నాడు. "ఇంజన్ తనకి చేతనైనంత గాలే పీల్చుకుంటది. ఇది బెల్టుతో తిరుగుతా ఇంకాస్త గాలి లోపలికి కుక్కుద్ది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ పోసుకోవచ్చు. బండి బలం పెరుగుద్ది."

అక్కడ అతను పనిచేసిన గ్యారేజీలో చేసేదే అది. డబ్బున్నవాళ్ళ కార్లకి ఇలాంటివి బిగించి, వాటి ఆలనా పాలనా చూడటం. వయసంతా పరాయి కార్లకే బిగించాడు. ఒకసారి సెలవుల్లో వచ్చినప్పుడు హైదరాబాదులో ఒకాయన దగ్గర రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు కొని, తెచ్చి మా కొబ్బరికాయల పాకలో పెట్టి వెళ్ళాడు. అతను ఫోన్లో చెప్పినట్టల్లా నేను అప్పుడప్పుడు స్టార్ట్ చేసి, పట్టా కప్పి ఉంచేదాన్ని. అమ్మా నాన్నా పోయాక ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. కొత్తపేటలో హైస్కూలు టీచర్ని. నేనూ పెళ్ళి చేసుకోలేదు, అతనూ చేసుకోలేదు. ఎందుకని ఒకరినొకరం ఎప్పుడూ అడగలేదు.

ఎండాకాలం సెలవులు మొదలయ్యాక పాకలో పని మొదలుపెట్టాడు. నేను మజ్జిగ పట్టుకెళ్ళేసరికి బానెట్ ఎత్తి, ఇంజన్ మీదికి వంగి ఉన్నాడు. ఒక చిన్న బోల్టు రంధ్రంలో పెట్టబోతున్నాడు. అది రంధ్రం చుట్టూ టకటకా కొట్టుకుంటోంది గాని లోపలికి వెళ్ళడం లేదు. చివరికి జారి ఇంజన్ సందుల్లో ఎక్కడో పడింది. అన్నయ్య దాన్ని వెతకలేదు. కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని స్టూలు మీద కూచున్నాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏడాది దాటింది."

"అందుకేనా వచ్చేసేవు?"

"నేను రాలేదు. వాళ్ళే పంపించేసేరు. ఒకాయన కొత్త కారు మీద పానా జారవిడిచేను. ముందు కూడా ఓసారి అయ్యింది. ఇంక ఊరుకోలేదు."

మజ్జిగ గ్లాసు తనే అందుకున్నాడు. సగం చొక్కా మీద ఒలికింది. ఇద్దరం చూడనట్టే ఉన్నాం. గ్లాసు కింద పెట్టి, "నీ చేతులు సన్నం. ఆ బోల్టు తియ్యి చూద్దాం" అన్నాడు.

అలా ఆ పని నా చేతుల్లోకి వచ్చింది. అతను స్టూలు మీద కూచుని చెప్పేవాడు, నేను చేసేదాన్ని. ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్ళే గొట్టాల దిమ్మ ఊడదీసి, కింద తెరుచుకున్న నోళ్ళలో ఏ బోల్టూ పడకుండా శుభ్రమైన గుడ్డలు కుక్కాను. గాలి కారకుండా మధ్యలో పెట్టే పాత గ్యాస్కెట్ అంటుకున్నచోట గీత పడకుండా గోకాను. కొత్త యంత్రాన్ని ఇద్దరం మోసి పెట్టాం. బోల్టులు ఒక వైపు నుంచి వరసగా బిగిస్తే "అలా కాదే! ఇటొకటి, అటొకటి. లేకపోతే దిమ్మ వంకరపోద్ది" అని కేకలేసేవాడు. బెల్టు తిరిగే పుల్లీలన్నీ ఒకే గీతలో ఉన్నాయా లేదా అని ఇనప స్కేలు ఆనించి చూడమనేవాడు. వెంట్రుకంత తేడా ఉన్నా మళ్ళీ విప్పించేవాడు. బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పే నాకు ఒకరి చేత తప్పులు దిద్దించుకోవడం కష్టంగానే ఉండేది. కానీ ఆ కేకల్లో అతని గొంతు పాతకాలంలోలా ఉండేది. అందుకని ఆ మాటలు పడేదాన్ని.

మధ్యలో కాకినాడ తీసుకెళ్ళాను. డాక్టరు గారు అన్నయ్యని నడిపించి చూసి, వేళ్ళు ఆడించమని చూసి, నరాల జబ్బు పేరు చెప్పారు. మందులతో తగ్గించగలం గాని పోదన్నారు.

"బండి తోలొచ్చా అండీ?" అన్నాడు అన్నయ్య. అతను అడిగింది అదొక్కటే.

"వద్దండి. ఈ మాత్రలకి ఉన్నట్టుండి నిద్ర కమ్మేస్తుంది. మీకే కాదు, ఎదర వచ్చేవాళ్ళకీ ప్రమాదం."

"ఆయ్" అని తలూపాడు. తిరుగు బస్సులో డ్రైవరు గేర్లు మార్చడమే చూస్తూ కూచున్నాడు. తర్వాత, "గాలి చల్లార్చే ఇంటర్‌కూలర్ గొట్టాలకి క్లిప్పులు తెచ్చుకోవాలి, రావులపాలెంలో దొరుకుతాయేమో" అన్నాడు.

వానలు పడే ముందు కారు స్టార్ట్ చేశాం. గల్ఫ్ గ్యారేజీలో అతనితో పనిచేసిన స్నేహితుడు ఒకడు వీడియో కాల్లో ఉండి, ఇంజన్‌కి ఎంత గాలికి ఎంత పెట్రోలు అందాలో ల్యాప్‌టాప్‌లో సరిచేయించాడు. మామూలు ఇంజన్ చప్పుడు మీద సన్నటి ఈల ఒకటి లేచింది. యాక్సిలరేటర్ తొక్కితే ఈల పైకి వెళ్ళేది. అన్నయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. "బెల్టు బాగుంది" అన్నాడు.

ఒక ఆదివారం తెల్లవారాక హైవే మీదికి తీసుకెళ్ళాం. తోలింది నేను. రావులపాలెంలో అరటిగెలల లారీల మధ్య నుంచి బయటపడి, గోదావరి మీది సిద్ధాంతం ఊరి వంతెన వైపు రోడ్డు ఖాళీగా కనిపించగానే "ఇప్పుడు తొక్కు" అన్నాడు. తొక్కాను. వీపు సీటుకి అతుక్కుపోయింది. ఈల చెవుల్లో గుచ్చుకుంది. నాకు భయం వేసి కాలు తీసేశాను.

"ఇంకొంచెం చెల్లాయ్."

"నావల్ల కాదు అన్నయ్యా."

అతను సీట్లో వెనక్కి జారగిలబడ్డాడు. ఇంటికొచ్చి, పాకలో కారు ఆపాక కూడా దిగలేదు. "బాగుందా?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"బండి బాగుంది" అన్నాడు. "నేనే, పక్కన కూచున్న చుట్టంలా ఉన్నాను."

ఆ తర్వాత హైవేకి వెళ్దామని అతను అనలేదు. కానీ బండి సంరక్షణలో మాత్రం నన్ను వదల్లేదు. బెల్టు మీద పగుళ్ళు చూడాలి. సూపర్‌ఛార్జర్‌కి విడిగా ఉండే నూనె మట్టం చూడాలి. మా వైపు గాలికి ఇనుము ఊరికే తుప్పుపడుతుంది, తడి తుడవాలి. ఎటూ వెళ్ళని బండికి ఇదంతా ఎందుకని విసుగొచ్చేది. అనలేకపోయేదాన్ని. రెండు మూడేళ్ళలో జబ్బు గొంతులోకి దిగింది. మాట గుసగుసైపోయింది. కుర్చీలోంచి మంచం మీదికి మారాడు. మంచం కిటికీ పక్కన వేశాను, పాక కనిపించేలా.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి కారు స్టార్ట్ చేస్తే, అతను కిటికీ చువ్వ మీద కొట్టడం వినిపించింది. వెళ్ళాను.

"బేరింగ్" అన్నాడు.

నాకేమీ వినిపించలేదు. మళ్ళీ వెళ్ళి బానెట్ ఎత్తి చెవి పెట్టి వింటే, ఈల కింద గులకరాళ్ళు దొర్లుతున్నట్టు చిన్న గరగర. ముందు భాగంలో సీలు కారి నూనె పోయింది. మట్టం చూసి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. కొత్త బేరింగ్ తెప్పిస్తానన్నాను. అతను తల అడ్డంగా తిప్పాడు.

"తీసెయ్. పాతది పెట్టెయ్."

దసరా సెలవుల్లో ఊడదీశాను. అతన్ని చక్రాల కుర్చీలో పాకలోకి తెచ్చుకున్నాను. ఏం చెబుతున్నాడో అర్థంకాక ప్రతిసారీ చెవి అతని నోటి దగ్గర పెట్టాల్సి వచ్చింది. రెండోసారి అడిగితే కోపంతో అతని కళ్ళ నీళ్ళు తిరిగేవి. పాత దిమ్మ తిరిగి పెట్టి, ఇంజన్‌ని దాని మామూలు లెక్కకి తెచ్చాం. స్టార్ట్ చేస్తే ఏ కారైనా చేసే చప్పుడే చేసింది. అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

కారుని అమలాపురం ఆయన ఒకరు కొనుక్కున్నారు. ఆయన తోలుకుపోతుంటే అన్నయ్య కిటికీలోంచి వింటూ ఉన్నాడు. వీధి మలుపు తిరిగేదాకా విని, "గేరు ఆలస్యంగా మారుస్తున్నాడు" అన్నాడు.

క్రిస్మస్ వెళ్ళాక, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి అన్నయ్య పోయాడు. సమాధుల తోటకి బయల్దేరేముందు పాస్టరు గారు నన్ను పక్కకి పిలిచారు. మా సంఘానికి కొత్తగా వచ్చినాయన, అన్నయ్యని ఎరగరు.

"రెండు మాటలు చెప్పాలి కదమ్మా. బ్రదర్ గారు గల్ఫ్‌లో ఏం పని చేసేవారు?"

చెప్పడానికి నోరు తెరిచాను. గాలి, బెల్టు, ఈల, వెంట్రుకంత తేడా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వెనక జనం నిలబడి ఉన్నారు.

"కార్లు బాగుచేసేవాడండి" అన్నాను.

"మెకానిక్ అన్నమాట."

"ఆయ్" అన్నాను.