పెంపుడు తమ్ముడు

నా చిన్నప్పుడు, ఎనభైల మొదట్లో, మేము టెక్సాస్‌లో ఒక పశువుల ర్యాంచ్‌ను ఆనుకుని ఉన్న అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. స్కూల్ బస్సు నన్ను ర్యాంచ్ గేటు దగ్గర దించేది. అక్కడినుంచి ఇంటిదాకా మట్టిదారి, ఒక పక్క కంచె, కంచె వెనక ఆవులు. మా నాన్న పశువుల డాక్టరు. ఒంగోలు దగ్గర పుట్టి, పైచదువుకు అమెరికా వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. కొనేవాళ్లు కోరుకునే మంచి జాతి దూడలను, జబ్బుపడని దూడలను ఎలా తయారు చెయ్యాలో చుట్టుపక్కల ర్యాంచర్లకు నేర్పడం ఆయన ఉద్యోగం.

ర్యాంచ్ పెద్దాయన దగ్గర తెల్లటి ఆబోతు ఒకటుండేది. నిలువెత్తు మూపురం, నేలకు వేలాడే గంగడోలు. దాని పూర్వీకులు ఎప్పుడో మన వైపునుంచి ఓడలెక్కి వచ్చినవే. నాన్న దాని మెడ నిమురుతూ, "ఏరా, మనూళ్లో వానలు పడ్డాయా?" అని తెలుగులో పలకరించేవారు. ఎండకు, పురుగుకు తట్టుకునే ఆ రక్తాన్ని ఇక్కడి ఎర్ర ఆవులతో కలిపితే దూడలు గట్టిగా పుడతాయని ఆయన లెక్క. ఆ జాతికి అమెరికావాళ్లు పెట్టిన పేరు బ్రాహ్మన్. కులం పేరు పశువుకు పెట్టారని డాలస్‌లోని మా అంకుల్స్‌కు భలే కోపం. అదే పేరు మనుషులకు పెట్టినందుకు మాత్రం వాళ్లలో ఒక్కరికీ కోపం రాగా నేను చూడలేదు.

ఆ అంకుల్స్‌లో ఒకాయన, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే ప్రతి పాట్‌లక్‌లోనూ నాన్నను పట్టుకునేవాడు. "ఏవండీ డాక్టరుగారూ, గోమాతను దగ్గరుండి సాగనంపుతున్నారట! పుణ్యం ఏ రేటున పడుతోంది?" అందరూ నవ్వేవారు. దారిలో ఆగి ఆవు మాంసం హాంబర్గర్ తిని వచ్చిన పిల్లలు, వాళ్లకు కొనిపెట్టిన నాన్నలు, అందరూ. మా నాన్న ప్లేటులోకి చూస్తూ, "నేను పశువుల డాక్టర్నండీ, జబ్బులు చూస్తాను," అనేవారు. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

మా అమ్మ ఆ ఉద్యోగానికి ఒక షరతు మీద ఒప్పుకుంది. "చెయ్యండి, కాదనను. ఆ మాట మాత్రం ఈ గుమ్మం దాటి లోపలికి రాకూడదు." బీఫ్ అన్న మాట మా ఇంట్లో ఎవరూ పలకలేదు. అందుకే, తొమ్మిదేళ్ల నేను ఒకనాడు వంటింట్లో, "నాన్నా, ర్యాంచ్ తాత ఫీడర్, ఫీడర్ అంటాడు కదా, వాట్ ఈజ్ దట్?" అని అడిగినప్పుడు నాన్న అమ్మ వైపు ఒకసారి చూశారు. ఫీడర్ అంటే ఇంకొక చోట మొక్కజొన్న మేపి, బలిపించి, కోతకు పంపబోయే దూడ. నాన్న చెప్పింది వేరు. "పెంపుడు దూడ, అమ్మడూ," అన్నారు.

పెంపుడు అన్న మాట నాకు అప్పటికి ఒక్కచోటే తెలుసు. డాలస్‌లో ఒక ఆంటీ వాళ్ల అబ్బాయి వాళ్లకు పుట్టినవాడు కాదు. అమ్మ నాకు చెవిలో చెప్పింది. వాడు పెంపుడు కొడుకు, వాడి ముందు ఆ సంగతి ఎత్తకు, వాళ్లు వాణ్ణి ప్రాణంలా చూసుకుంటారు, ఎప్పటికీ వదలరు అని. కాబట్టి పెంపుడు అంటే మనింట్లో పుట్టకపోయినా ఎన్నటికీ వదలనిది. నాకు తోబుట్టువులు లేరు.

ఆ రోజుల్లో అక్కడ దూడలను తల్లిదగ్గరనుంచి విడదీసి అదే రోజు ట్రక్కెక్కించి అమ్మకానికి తోలేవారు. బెదిరిపోయి, అరిచి అరిచి, వందల మైళ్లు పోయేసరికి వాటికి దగ్గు పట్టుకునేది. ముక్కులు కారుతూ, ఒకదాని మీద ఒకటి ఒరిగి చచ్చిపోయిన దూడలను నేను చూశాను. నాన్న ఆ పద్ధతి మాన్పించాలని తిరిగారు. ముందే టీకాలు వెయ్యండి, ఇంటిదగ్గరే పాలు మాన్పించండి, నెలన్నరపాటు తొట్టిలో దాణా అలవాటు చేసి అప్పుడు అమ్మండి అని చెప్పేవారు. పాలు మాన్పించేటప్పుడు తల్లులను కంచెకు అవతల, దూడలను ఇవతల ఉంచమనేవారు. ముక్కు ముక్కు తగిలితే ఏడుపు తగ్గుతుందని. తగ్గేది, ఆగేది కాదు. ఆ మూడు రోజులూ నేను చెవుల మీద దిండు పెట్టుకుని పడుకునేదాన్ని.

దూడలకు తొట్టి అంటే భయం. ఒక్కదాన్ని మచ్చిక చేస్తే మిగతావి దాని వెనకే వస్తాయని నాన్న ఉపాయం. అప్పటికే నా వెంటబడే ఒక దూడ ఉండేది. ఎర్ర ఒళ్లు, తెల్ల మొహం, వేలాడే చెవులు, మెడ మీద పిడికెడు మూపురం. వాణ్ణి మచ్చిక చేసే పని నాకిచ్చారు. దూడను అది అనాలని తెలుసు. నేను అప్పుడూ వాడనే అన్నాను, ఇప్పుడూ అలాగే రాస్తాను. వాడికి తమ్ముడు అని పేరు పెట్టాను. రోజూ స్కూలునుంచి రాగానే బకెట్టులో దాణా పట్టుకుని, "తమ్ముడూ, రా రా!" అని కేకేస్తే, ఎక్కడున్నా చెవులు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చేవాడు. వాడి వెనక మందంతా వచ్చేది. ర్యాంచ్ పెద్దాయన టోపీ వెనక్కి తోసి నవ్వేవాడు. "టామూడూ!" అని పిలిచి చూసేవాడు. వాడు తలైనా తిప్పేవాడు కాదు. "డాక్, వీడికి నా ఇంగ్లీష్ అర్థం కావట్లేదు," అని పెద్దాయన, "మీ తెలుగే వాడికి అర్థం కావట్లేదు," అని నాన్న. ఆ నెలన్నరలో నేను సంతోషంగా ఉన్నంతగా మళ్లీ ఎప్పుడైనా ఉన్నానో లేదో చెప్పలేను.

ఒక శనివారం ఉదయం పెద్ద ట్రైలర్ వచ్చింది. ఏమిటని అడిగితే పెద్దాయన నా భుజం తట్టాడు. "నీ వాడు ఫస్ట్ క్లాస్ ఫీడర్, హనీ. ఇంత బాగా తయారైన దూడను ఈ ఏడాది నేను చూడలేదు."

"ఎక్కడికి వెళ్తున్నాడు?"

"ఫీడ్‌యార్డుకి. అక్కడ కొన్నాళ్లు బాగా తింటాడు. తరవాత ప్యాకర్ దగ్గరికి."

ప్యాకర్ అంటే పశువును కోసి మాంసం చేసి అమ్మేవాడు. నేను పెట్టెలు సర్దేవాడు అనుకున్నాను. "సర్దుకుని ఎప్పుడొస్తాడు?" అని అడిగాను. పెద్దాయన నవ్వలేదు. నాన్న వైపు తిరిగి, "డాక్, నువ్వు చెప్పలేదా?" అన్నాడు. నాన్న నేల చూస్తున్నారు. పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "బీఫ్, హనీ," అన్నాడు మెల్లగా.

నేను నాన్నను కొట్టాను. రెండు చేతులతో, పొట్ట మీద, గుండె మీద. "యూ సెడ్ పెంపుడు! పెంపుడు అని చెప్పావు!" ఆయన నా చేతులు పట్టుకోలేదు.

దూడలు ట్రైలర్ ఎక్కలేదు. తమ్ముడు ర్యాంప్ ముందు కాళ్లు నిగడదన్ని నిలబడ్డాడు. వాడు ఆగితే మంద ఆగింది. ట్రైలర్ తెచ్చిన మనిషి చేతిలోకి కరెంటు కర్ర తీసుకున్నాడు. నాన్న అతన్ని ఆపి నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు.

"అమ్మడూ, వాడు వెళ్లక తప్పదు. అది నా చేతిలో లేదు, నీ చేతిలోనూ లేదు. నువ్వు పిలిస్తే భయపడకుండా ఎక్కుతాడు. పిలవకపోతే ఆ కర్రతో ఎక్కిస్తారు. పిలవమని నేను చెప్పను. ఇంటికి వెళ్లిపోతానన్నా సరే."

బకెట్టు తీసుకుని ర్యాంప్ ఎక్కాను. "తమ్ముడూ, రా రా," అన్నాను. ఆ పిలుపుకే వాడి చెవులు లేచాయి. ఒక్క అడుగు కూడా తడబడకుండా నడిచి వచ్చి బకెట్టులో మూతి పెట్టాడు. వాడి వెనక మిగతావన్నీ వచ్చాయి. నాన్న నన్ను పక్క తలుపులోంచి దింపారు. పలకల సందులోంచి వాడు నాలుక చాపి నా మణికట్టు నాకాడు. ఇంకా దాణా ఉందేమోనని.

"ఇంత నెమ్మదిగా ఎక్కిన మందను నేను చూడలేదు," అన్నాడు ట్రైలర్ మనిషి. పొగడ్తగానే అన్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నాన్న కంచంలో చెయ్యి పెట్టకుండా, ఉన్నట్టుండి తలెత్తి చెప్పారు. "నేను బీఫ్ కోసం దూడల్ని తయారు చేస్తాను. మనం తినే అన్నం దానిదే. ఇవాళ అమ్మడి దూడ వెళ్లిపోయింది." అమ్మ మండిపడుతుందనుకున్నాను. మాట దాటిందని, గుమ్మం మైలపడిందని. అమ్మ గరిటె కింద పెట్టి, "పిల్లకు ముందు చెప్పకుండానే దాని చేత పెంచారా?" అంది. అంతే. లేచి వచ్చి నన్ను ఒళ్లోకి తీసుకుంది. ఆవిడకు కోపం వచ్చింది మాంసం మీద కాదు. నాకు చెప్పకుండా దాచడంలో తన వంతు కూడా ఉందని ఆవిడకు తెలుసనే అనుకుంటాను.

నాన్న పని తప్పని నేను అనను. ఆయన చెప్పిన పద్ధతి పట్టుకున్న ర్యాంచ్‌లలో దగ్గుతో చచ్చే దూడలు తగ్గిపోయాయి. తినే మాంసం పేరు నోటితో అనలేని భక్తులైన మా అంకుల్స్ కంటే, టోపీ తీసి ఒక్క మాటలో చెప్పిన ఆ పెద్దాయన నాకు మర్యాదస్తుడు. చంపబోయేదాన్ని బాధపెట్టకుండా పెంచడం ఒక మంచే. ఆ మంచి వల్లే వాడు నా వెనక వచ్చాడు. ఈ రెండు వాక్యాలనూ ఒకదానితో ఒకటి సమాధానపరచడానికి నలభై ఏళ్లుగా నాతో నేనే వాదిస్తున్నాను. ఓడిపోతూనే ఉన్నాను.

తరవాత వేదికల మీద మాట్లాడాను, క్లాసుల్లో చెప్పాను, పిల్లల్ని కన్నాను. నన్ను నమ్మి వెంట నడిచినవాళ్లు కొందరున్నారు. వాళ్లకు ఎక్కడికి వెళ్తున్నామో మొదటే చెప్పేస్తాను, ఎంత చేదైనా సరే. విని, కొందరు అక్కడే ఆగిపోయారు. ఆగినవాళ్లను చూస్తే నాకు బాధ కలగదు. ఏమీ అడగకుండా నడిచి వచ్చేవాళ్లను చూస్తేనే నేను ఆగి, వెనక్కి తిరిగి, అంతా మళ్లీ మొదటినుంచి చెప్తాను.