ఏడింటికి పడే టిక్కు

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ ముందు కూర్చునే పని నాది. ఏ రోగికి ఏ రోజు ఏం గుర్తుచేయాలో ఒక్కసారి ఎక్కిస్తే చాలు, ఆ తర్వాత రోజూ దానంతట అదే పంపుతుంది. ఆ పనంటే నాకు ప్రాణం. మతిమరుపు మనుషులంటే ఒళ్లుమంట.

మా అన్న జమ్మలమడుగులో టైలరు. కువైట్‌లో కొన్నేళ్లు కుట్టి, షుగరు జబ్బుతో తిరిగొచ్చాడు. పొద్దున టిఫినుకు ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. మరిచిపోయేవాడు. నేనే ఆయన ఫోనులో ఒక యాప్ పెట్టి, 'ఇన్సులిన్, ఉదయం ఏడు, ప్రతిరోజూ' అని ఎక్కించాను. ఎప్పటిదాకా అని అడిగితే 'ఎప్పటికీ' నొక్కాను. సూది వేసుకుని ఆయన టిక్కు పెడితే నా ఫోనులో కనబడేది. పెట్టకపోతే ఫోన్ చేసి చెడామడా తిట్టేదాన్ని.

"పోలీసోళ్లు నయం మే! నీ మొగుడు ఎట్ల యేగుతాండాడో యేమో" అనేవాడు.

రంజాన్ ముందు ఇద్దరం డాక్టరు దగ్గర కూర్చున్నాం. ఈ ఏడు పగలంతా పస్తుండే ఒక్కపొద్దులు వద్దన్నాడాయన. అన్న తలూపాడు. నెల మొదలైంది. రోజూ ఏడింటికి టిక్కు, ఒక్క రోజూ తప్పలేదు. ఇన్నాళ్లకు దారికొచ్చాడని మురిసిపోయాను.

తొమ్మిదో రోజు, పదకొండు దాటాక, అంగట్లో కుట్టుమిషను మీద తలవాల్చాడు. బట్టలకొచ్చిన వాళ్లు చూసి, "ఒక్కపొద్దుండాడు పాపం, పండుకోనీ" అనుకుని వెళ్లిపోయారు. మధ్యాహ్నం నమాజుకు పిలుద్దామని పక్కంగడాయన వచ్చి కదిలిస్తే, చొక్కా అంతా చెమట. పలకలేదు. మా ఆసుపత్రికే తెచ్చారు.

"పొద్దున ఏం తిన్నాడు?" అన్నాడు డాక్టరు.

"ఇన్సులిన్ ఏడింటికే వేసుకున్నాడు సార్, టిక్కు ఉంది" అని ఫోను చూపించాను.

"నేనడిగింది తిండి గురించమ్మా."

షుగరు బాగా పడిపోయిందని గ్లూకోజు ఎక్కించారు. అన్న కళ్లు తెరవలేదు. మూడో రోజు పోయాడు. ఆ ఫోనును గోడకేసి కొట్టాలనిపించింది.

మట్టి చేసి వచ్చాక వదిన దగ్గర కూర్చున్నాను. అప్పుడు చెప్పింది.

"మొదటి రోజు నుంచీ ఒక్కపొద్దే పాపా. చిన్నప్పటి నుంచీ తప్పనోడు, మానమంటే శానా ఏడ్చినాడు. తెల్లారుజామున తినేటప్పుడే సూది యేసుకోమంటి. నాలుగున్నరకు టిక్కు పడితే చెల్లెలికి తెలిసిపోతాది అన్యాడు. అప్పుడు యేసుకోని, టిక్కు మాత్రం ఏడింటికి పెట్టంటి. ఒక్కపొద్దు నోటితో అబద్ధమాడకూడదు, చేత్తో మాత్రం ఆడొచ్చా అన్యాడు. అందుకే ఏడింటికే యేసుకున్యాడు, ఏమీ తినకుండానే."

"నాకొక్క మాట చెప్పుంటే ఏం పోయేది వదినా!" ఇల్లదిరేలా అరిచాను.

ఆమె తలెత్తలేదు.

"ఇట్లా అరుస్తావనే పాపా" అంది.