గుసుల్‌కు తోడొచ్చిన మనిషి

కుల్సుమ్ నోరు మంచిది కాదని షామీర్‌పేటలో అందరికీ తెలుసు. చనిపోయినవాళ్ల దగ్గర మాత్రమే అది మూతపడుతుంది. మసీదు జమాత్‌లో ఏ ఆడమనిషి కన్నుమూసినా గుసుల్ చేయించేది, అంటే ఖననానికి ముందు స్నానం పోసేది ఆమే. లోపల చూసింది బయట చెప్పకూడదన్నది ఆ పనిలో కట్టుబాటు. ఇన్నేళ్లలో ఒక్క మాటా జారలేదు.

బతికున్నవాళ్లతోనే ఆమెకు పేచీ. ఆమె పైగదిలో అద్దెకుండే హోదన్ సోమాలియా పిల్ల, చదువుకోవడానికి వచ్చింది. ఆడవాళ్ల నమాజులో భుజానికి భుజం ఆనించి నిలబడాలి. ఈ పిల్ల పక్కన మాత్రం జానెడు ఖాళీ. నల్లగా ఉందని, అంతే! కుల్సుమ్ ప్రతి శుక్రవారం ఆ ఖాళీలో తానే దూరి, అవతలివాళ్లను చెయ్యిపట్టి దగ్గరికి లాగేది. "అల్లా ముంగట గూడ రంగు జూస్తరా?" అని నమాజయ్యాక దులిపేసేది. ఏడాది తిట్టగా వరుస కాస్త దగ్గరపడింది.

గుసుల్‌కు ఎప్పుడూ తోడొచ్చే మరదలు మంచాన పడడంతో, కుల్సుమ్ ఆ పని హోదన్‌కే నేర్పింది. మొదటిసారి వెంటబెట్టుకొచ్చింది సుమయ్య ఇంటికి. సుమయ్య తల్లి తెల్లవారుజామున పోయింది, మధ్యాహ్నం నమాజు తర్వాత జనాజా లేచి ఖననానికి కదలాలి. రేగాకు వేసిన నీళ్లు కాగుతున్నాయి. సుమయ్య మేనమామ షుకూర్, మసీదు కమిటీలో పెద్దమనిషి, పరదాకు అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వు పో లోపటికి, కుల్సుమ్ ఆపా. గామె వద్దు. మా అక్కను గా చేతులు ముట్టద్దు."

"ఎందుకు? కల్మా సదివిన పిల్లనే గద."

"నలుగురు ఏమంటరు? జల్దీ కానియ్, టైమైతాంది."

హోదన్‌కు మాటలు సగమే అర్థమైనా ముఖాలు పూర్తిగా అర్థమయ్యాయి. చెప్పుల వైపు నడిచింది. కుల్సుమ్ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"అయితే నేను గూడ పోను," అంది.

మయ్యత్‌ను, అంటే శవాన్ని, అలా ఆపిపెట్టి పంతం పట్టడం పాపమని ఆమెకు తెలియదా? లోపల పడుకున్నది తనతో కూర్చుని పాన్ నమిలిన మనిషి. ఇంకొకరిని పిలిపించాలంటే మేడ్చల్ పోవాలి. వాకిట్లో మగవాళ్లు గొంతు పెంచారు. "ముసల్దానికి దిమాగ్ ఖరాబైంది," అన్నారెవరో. ఇంకాసేపైతే తానే లొంగిపోయేదేమో. ఆ భయంతోనే అరిచింది.

"షుకూర్ భాయ్, రేపు నేను సచ్చినా నన్ను కడిగేది గీ పిల్లనే. చెప్పిపెట్టిన. గప్పుడు నా జనాజా గూడ మొయ్యరా?"

పరదా తొలగింది. ఏడ్చి వాచిన కళ్లతో సుమయ్య. శుక్రవారాల్లో హోదన్ పక్కనుంచి జరిగినవాళ్లలో తనూ ఒకతి. మామ వైపు చూడకుండా, "ఇద్దరు రాండ్రి," అంది.

లోపల కుల్సుమ్ నీళ్లు పోస్తోంది. సుమయ్య గోడకు ఆనుకుని, తప్పెక్కడ దొరుకుతుందా అన్నట్టు హోదన్ చేతులనే చూస్తోంది. తల్లిని పక్కకు తిప్పాల్సి వచ్చింది. హోదన్ తల కింద అరచెయ్యి పెట్టగానే సుమయ్య ఒక్క అంగలో ముందుకొచ్చింది. కుల్సుమ్ నీళ్లు పోయడం ఆపింది.

"మెల్లగ పట్టుకో అక్కా," అంది సుమయ్య. "అమ్మీకి మెడనొప్పి."