ఉచ్చీరమ్మ చెప్పని నంబరు

బస్సు ఆదోని దాటి ఎమ్మిగనూరు దారి పట్టాక, పక్క సీటులోని ఆమె నా చేతిలో పుస్తకం వైపు రెండుసార్లు చూసింది. "ఇంగ్లీషు వస్తాదా అప్పా మీకు?" అని అడిగి, నేను తలూపేలోపే ఫోను నా ఒళ్లో పెట్టింది.

పేరు ఉచ్చీరమ్మ. గోనెగండ్ల వైపు ఆస్పత్రిలో నర్సు; ఇరవై ఆరేళ్లుగా పల్లెల్లో పిల్లలకు టీకాలు వేస్తోంది. సూది వేయనిదే కార్డు మీద సంతకం పెట్టదట. డాక్టరు తొందరపెట్టినా పెట్టలేదట.

ఫోనులో ఉన్నది ఆమె ఆదాయపు పన్ను రిటర్ను. ఆ ఆస్పత్రి వాళ్లందరికీ ఆదోనిలో రమేష్ అనే ఆయనే నింపి పంపిస్తాడు. పంపాక ఎవరి ఫోనుకు వాళ్ల ఓటీపీ నంబరు వస్తుంది. రమేష్ అడుగుతాడు, వీళ్లు చెప్పేస్తారు. ఈసారి ఎవరికో పన్ను శాఖ నోటీసు వచ్చిందని విని ఈమె భయపడింది. కాగితం చూడందే నంబరు చెప్పనని, రిటర్ను ఖాయం చేయడానికి ఇచ్చే ముప్పై రోజుల గడువూ లాగింది. ఆ చివరి రోజు ఇదే.

పన్ను కట్టేంత సంపాదన నాకు ఏనాడూ లేదు. రాగిరేకుల మీద రాజముద్రల గురించి చదివాను, సంతలో నిశానీలు వేయడం చూశాను; ఆరంకెలు పలికితే సంతకమవుతుందని మాత్రం ఈ వయసులోనే తెలిసింది. ఆ మాటే అన్నాను. ఆమె బెదిరింది.

"నంబరు సెప్తే సంతకం పెట్టినట్లేనా?"

అవునన్నాను. పన్ను తగ్గించే మినహాయింపుల దగ్గర ఒక వరుస చదివి ఆగిపోయాను. ఆమె వదల్లేదు. చెప్పాల్సి వచ్చింది: ఈమె కూతురు తీవ్ర వికలాంగురాలని రాసి ఉంది.

ఒక్కతే కూతురు, మాధురి. మూడేళ్లు నిండినా నడవలేదట. ఉరుకుంద ఈరన్నకు మొక్కి పొర్లుదండాలు పెట్టాక నడిచిందట. ఇప్పుడు కర్నూలులో చదువుతోంది. ఆమె ఫోను వెనక్కి తీసుకుంది.

"పోయిన రెండేండ్లూ ఇట్లనే రాసింటాడు, నేను నంబరు సెప్పినా కదప్పా. రెండుతూర్లు నా బిడ్డకు కాళ్లు లేవని ఒప్పుకున్నానా? ఆర్నెల్ల కిందట బండి మీంచి పడి కాలు ఇరగ్గొట్టుకునింది అది."

దానికీ దీనికీ సంబంధం లేదన్నాను. నా మాట నాకే పేలవంగా వినిపించింది.

అంతలో రమేష్ ఫోను. పక్కనున్న నాకూ వినబడుతోంది. అందరూ చెప్పినారు, నీదొక్కటే మిగిలిందన్నాడు.

"ఎవురొచ్చి నీ బిడ్డ కాళ్లు సూస్తారక్కా?"

"ఈరన్న సూస్తాడు. ఆ మాట తీసెయ్ రమేషూ. పాతవాట్లో కూడా తీసెయ్."

అతను నవ్వాడు. పాతవి నువ్వే ఒప్పుకున్నావు కదా, నువ్వు లేకుండా నేనెట్లా ముట్టుకునేదన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది. అంతలో తెర మీద వెలిగిన ఓటీపీ ఆరంకెలను అరచేత్తో కప్పి కూర్చుంది.

పాతవి సరిదిద్ది మళ్లీ పంపవచ్చునట, ఆ మినహాయింపు వల్ల వెనక్కి వచ్చిన డబ్బు వడ్డీతో తిరిగి కట్టాలట అని విన్నది చెప్పాను. దానికి ఎవరు సంతకం పెట్టాలని అడిగింది. మీరేనన్నాను.

ఎమ్మిగనూరు బస్టాండులో గోనెగండ్ల బస్సు కదలబోతోంది. కండక్టరు ఆమెను గుర్తుపట్టి పిలిచాడు. నేను సీటు కింద సంచి తీసుకుని దిగేసరికి, ఆమె ఫోనును కొంగులో చుట్టి పట్టుకుని, రమేష్ ఉండే ఆదోనికి తిరిగి పోయే బస్సు వైపు వెళ్లిపోతోంది.