అమ్మ రవిక మీద గ్రీసు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆడవాళ్లు చాలామంది వంగే నడిచేవాళ్లు. పెద్దయితే అందరూ అలాగే నడుస్తారు కాబోలు అనుకునేదాన్ని. మా మర్రిగూడ దిక్కు బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని, అది ఎముకల్లోకి దిగి మనిషిని బిగదీస్తుందని అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. పొద్దున లేవాలంటే ఒక చేత్తో గోడ, ఒక చేత్తో మోకాలు పట్టుకునేది. మా అవ్వ ఆమెను పనిదొంగ అనేది. నాయిన మంచివాడే, కానీ పత్తి ఏరుడు అయినంక దవాఖానకు పోదాం అంటూ ఏడాది గడిపేశాడు. ఆయన్ని మాత్రం ఏమనాలి, ఆయనా అలిసిపోయిన మనిషే.

చివరికి మా మామ, అంటే నాయిన అక్కకు పెనిమిటి, ఒకరోజు తన బండి తెచ్చి వాకిట్లో ఆపాడు. జీపు ముఖం, వెనక తొట్టి ఉన్న పాత పికప్పు అది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేది కాబట్టి వాన పడ్డ చెలకల్లోంచి కూడా పత్తి బోరాలతో బయటికొచ్చేది. ఆ రోజు నల్లగొండకు పత్తి వేసుకుని పోతున్నాడు. అమ్మను ముందు సీట్లోకి ఎక్కించడానికి నాయిన, మామ ఇద్దరూ పట్టాల్సి వచ్చింది. నేను అమ్మ పక్కన ఇరుక్కున్నాను. నాయిన వెనక బోరాల మీద కూర్చున్నాడు.

ఊరు దాటామో లేదో, బండి మలుపు తిరిగినప్పుడల్లా ఎడమ చక్రం దగ్గర టక్కుమని చప్పుడు మొదలైంది. మామ బండి పక్కకు ఆపాడు. నాయిన దూకి, జాకీ పెట్టి ఎడమ చక్రం లేపి, నట్లన్నీ బిగించాడు. కదిలాం. మళ్లీ టక్. ఇంకోసారి ఆపి, ఇంకోసారి బిగించాడు. ఎండ నడినెత్తి మీదికొచ్చింది. నాయిన చేతులు మోచేతుల దాకా గ్రీసు. ఓపిక అయిపోయి, "బావా, స్టీరింగు ఊడిందంటే అందరం పోతం. వాపసు పోదాం. దవాఖాన ఏడికి పోతది, మల్ల వద్దాం" అన్నాడు.

అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. మళ్లీ అంటే ఇంకో ఏడాది అని నాకు కూడా తెలుసు. నాయిన మీద కోపంతో ఏడుపొచ్చింది.

మామ తొందరపడే మనిషి కాదు. ముందు జాకీ దించమన్నాడు. చక్రం గాల్లో ఉంటే జబ్బు దాక్కుంటుందట, బండి బరువు నేల మీద పడితేనే బయటపడుతుందట. ఇంజను ఆపి అమ్మ వైపు చూశాడు. ఆమె ఎలాగూ దిగలేదు. "చెల్లె, జర గిటు జరుగు. గీ స్టీరింగు గింతంత అటు తిప్పు, ఇటు తిప్పు. నేనొద్దనేదాక ఆపకు" అని బండి కిందికి దూరాడు. అమ్మ స్టీరింగు ముట్టడం అదే మొదలు. సిగ్గుతో కొంగు సర్దుకుని తిప్పసాగింది. చప్పుడు ఎడమ దిక్కే అని నాయిన అంటే మామ కిందనుంచి కసిరాడు. "చెవును నమ్మకు. రెండు చక్రాలను కలిపే గీ ఇనుప కడ్డీ పొడుగునా చప్పుడు ఉరుకుతది. ఏడ పుట్టిందో చెయ్యి వెట్టి చూస్తెనే తెలుస్తది." ఒక్కో కీలు మీద అరచెయ్యి పెట్టి చూసుకుంటూ కుడి దిక్కుకు జరుగుతున్నాడు.

తిప్పీ తిప్పీ అమ్మ ఉండబట్టలేక "అబ్బా" అంది.

"ఏడ చెల్లె?" అన్నాడు మామ కిందనుంచే.

"ఏందన్నా, బండిదా, నాదా?" అంది అమ్మ.

మామ నవ్వాడు, నేనూ నవ్వాను. నాయిన నవ్వలేదు. మామ పాక్కుంటూ బయటికొచ్చి జాడ దొరికిందన్నాడు. చప్పుడు ఎడమన, జబ్బు కుడిన. కుడి చక్రం దగ్గర కడ్డీ చివరి కీలుకు పిన్ను ఊడిపోయి నట్టు వదులైంది. ఆ సంగతి చెప్పి, నాయిన వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "బండికి నేను చెయ్యి వెట్టి చూసిన. ఆమెకు నువ్వెప్పుడన్న వెట్టి చూసినవా, బామ్మర్ది?"

మామ నట్టు బిగించి, పిన్నుకు బదులు ఇనుప తీగ చుట్టేలోపల నాయిన వచ్చి అమ్మ పక్క తలుపు తీశాడు. నలుగురిలో భార్యను ముట్టుకునే కాలం కాదది. ఎక్కడ నొస్తుందని అడిగాడు. మోకాళ్లు పట్టుకుని లేస్తుంది కదా అని మేమంతా మోకాళ్లకే నూనె రాసేవాళ్లం. అమ్మ చెయ్యి వెనక్కి పోలేదు, గడ్డంతో వీపు వైపు చూపించింది. నాయిన అక్కడ అరచెయ్యి ఆనించి వంగమన్నాడు. తుంటి దగ్గర వంగింది గానీ వెన్ను వంగలేదు. "అయ్యో, గింత బిగుసుకపోయిందా" అన్నాడు. అమ్మ అప్పుడు ఏడ్చింది.

మెల్లగా నల్లగొండ చేరాం. దవాఖానలో డాక్టరమ్మ నీళ్ల సంగతి చెప్పి, నొప్పికి మాత్రలిచ్చింది. బిగుసుకున్న దాన్ని వదులు చేసే మందు లేదంది. కథల్లోలాగా అమ్మ లేచి తిరగలేదు. కానీ వాపసు పోదాం అనే మాట నాయిన నోట మళ్లీ వినలేదు. వాన పడితే తాగడానికి ఆ నీళ్లు పట్టి దాచేవాడు. పొద్దున అమ్మ వీపు కింద చెయ్యి వేసి లేపేవాడు. ఆ రోజు ఆమె రవిక మీద పడ్డ ఆయన ఐదువేళ్ల గ్రీసు మరక ఎంత ఉతికినా పోలేదు. అవ్వ సణిగింది. అమ్మ ఆ రవికను చిరిగిపోయేదాకా తొడిగింది.

ఇప్పుడు తెలంగాణ వచ్చింది, ఇంటింటికీ నల్లా వచ్చింది. నా మనవరాలి పళ్లు మా పళ్లలా గార పట్టకుండా తెల్లగా ఉన్నాయి, చూస్తే కడుపు నిండుతుంది. నా ఎముకల్లో మాత్రం ఆ పాత నీళ్లే. ఒంట్లో ఓపిక లేదు, మాట్లాడాలన్నా విసుగే. అయినా ఇంట్లో ఎవరైనా నొప్పేం లేదు అంటే నమ్మను, లేచి పోయి చెయ్యి పెట్టి చూస్తాను. నా నొప్పినీ దాచుకోను. అమ్మ నొప్పి నాయినకు తెలియడానికి ఒక బండి చెడిపోవాల్సి వచ్చింది. నేను అంతదాకా ఆగను. కొడుకును పిలిచి, అటు తిరిగి కూర్చుని, "గీడ చెయ్యి వెట్టు బిడ్డా" అంటాను.