ఒక పొయ్యి, ఒక తలకట్టు

చిన్నప్పుడు 'తలకట్టు వరి' అంటే తలమీద మోసుకొచ్చే వరిమోపు అనుకునేదాన్ని. మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివింది తమిళం. తెలుగులో వరి అంటే పైరు, తమిళంలో వరి అంటే పన్ను. మా అమ్మ "ఈ ఏడు వరి కట్టాల" అన్నప్పుడల్లా, మనకు సెంటు పొలం లేదు కదా, వరి ఎక్కడ దాచిపెట్టింది అని ఇల్లంతా వెతికేదాన్ని.

వాడిపట్టి అవతల ఉన్న మా ఊళ్లో, అమ్మవారి పండుగకు ఇంటికి ఇంతని వేసే పన్ను అది. ఇల్లంటే గోడలు కాదు, పొయ్యి. ఏ పొయ్యి మీద అన్నం వేరుగా ఉడుకుతుందో అది ఒక తలకట్టు. మిల్లు ఉన్నవాడిదీ ఒక తలకట్టే, మల్లెపూలు కోసేదానిదీ ఒక తలకట్టే. ఇద్దరూ ఒకే మొత్తం కట్టాలి. అందరూ సమానమట. ఆ మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మల్లెపూలు కోసేది మా అమ్మ. నాయన పోయినప్పటి నుంచీ అదే కూలి, కిలోకు ఇంతని. నాలుగేళ్ల కింద పులుసులో ఉప్పు దగ్గర కోడలితో మాటా మాటా పెరిగింది. ముందరి వంటిల్లు అన్నకూ వదినకూ వదిలేసి, తానే మట్టి తెచ్చి వెనక వసారాలో పొయ్యి వేసుకుంది. ఒక కప్పు కింద రెండు పొయ్యిలు, కాబట్టి రెండు తలకట్లు. ఆ మట్టి పొయ్యి అంటే అమ్మకు ప్రాణం. "నా అన్నం నేను వండుకుంటుండా. ఎవురినీ అడిగే పని లేదు" అనేది.

మొన్నటి పండుగకు గుడి మరమ్మతు కూడా కలిపి తలకట్టుకు ఐదు వేలన్నారు. నెలంతా నడుం వంచితే అమ్మకు వచ్చే డబ్బు అది. పెద్దింటికీ ఐదు వేలే. పెద్దింటాయనకు కోయంబత్తూరు దగ్గర నూలు మిల్లు, బోడిలో ఏలకుల వ్యాపారం, మా ఊళ్లో కొబ్బరితోట ఉన్నాయి. పెళ్లయిన కొడుకులు ముగ్గురు. అందరికీ వండిపెట్టేది ఒక్క వంటమనిషి, కాబట్టి వాళ్లది ఒకటే పొయ్యి.

వరి కట్టని ఇంటివాళ్లు ములైప్పారి ఎత్తకూడదు. నవధాన్యాలు కుండలో చల్లి, వెలుతురు తగలని గదిలో మొలిపించి, పండుగనాడు తలమీద పెట్టుకుని గుడికి పోతారే, అదే ములైప్పారి. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచి అమ్మ ఒక్కసారీ మానలేదు. నేను కోయంబత్తూరు నుంచి వెళ్లేసరికి కుండలో మొలకలు జానెడు లేచాయి, ఐదు వేలు మాత్రం పోగవలేదు. నేనిస్తానన్నాను.

"నీ దుడ్డుతో కడితే అది నా తలకట్టు ఎట్ల అవును?" అంది అమ్మ.

ఆ సాయంత్రం చావడి దగ్గర ఊరు కూడింది. ఊరి పెద్ద మాకు బంధువే, నాకు వరసకు చిన్నాయన. పండుగయ్యాక రెండు నెలల్లో కడతానని అమ్మ ఆయన్ని అడిగింది.

"నీ ఒక్కదానికి వదిలితే రేపు అందరూ అడుగుతారు వదినా. కట్టు అందరికీ ఒకటే" అన్నాడు.

నేను ఆగలేకపోయాను. అప్పట్లో నేను కోయంబత్తూరులో ఒక ఆడిటరు ఆఫీసులో పనిచేసేదాన్ని. పెద్దింటివాళ్ల పన్ను కాగితాలు అక్కడికే వచ్చేవి. ఆ కాగితాల్లో తండ్రి ఒక తల, కొడుకులు మూడు తలలు, అత్తాకోడళ్లు నాలుగు తలలు. అవి చాలవని 'అవిభక్త కుటుంబం' పేరుతో మరో తల. విడిపోలేదు గనక ఇంకో తలన్నమాట, ఆ విడ్డూరం చూడండి. ఆదాయాన్ని ఇన్ని తలలకు పంచితే ఒక్కొక్క తల మీద పన్ను పలచబడుతుంది. కొబ్బరితోట రాబడి వ్యవసాయం కింద పోతుంది, దానికి పన్నే లేదు. ఇందులో దొంగతనం ఏమీ లేదు, అంతా చట్టం ఒప్పుకున్నదే. నా మంటంతా అందుకే.

లేచి నిలబడి అడిగాను. "చిన్నాయనా, కోయంబత్తూరులో పన్ను కట్టేటప్పుడు పెద్దింటికి తొమ్మిది తలలు ఉండాయి. ఈడికి వచ్చేసరికి ఒకటే ఎట్ల ఆయె? ఆ కాయితాలు నా చేత్తోనే టైపు చేసినా."

ఊరి పెద్ద గొంతు సవరించుకున్నాడు. "గవర్నమెంటు లెక్క వేరే పాపా, మన పొయ్యి లెక్క వేరే. అయినా పెళ్లి చేసి ఇచ్చేసిన ఆడబిడ్డకు ఊళ్లో తలకట్టు లేదు, పేచ్చూ లేదు. కూచో."

పేచ్చు లేదంటే నోరెత్తే హక్కు లేదని. వెనక ఎవడో నవ్వాడు.

పెద్దింటాయనకు కోపం కూడా రాలేదు. "సరి, విడుప్పా, వదిలెయ్. ఆ యమ్మ ఐదువేలు నేనే కట్టేస్తా, పాపం" అన్నాడు. అందరూ ఆయన్ని చేతులెత్తి మెచ్చుకున్నారు. తనకూ ముగ్గురు కొడుకులకూ న్యాయంగా నాలుగు తలకట్లకు కట్టవలసిన మనిషి, రెండో తలకట్టుకు కడతానని ధర్మాత్ముడైపోయాడు.

"వొద్దు సామీ. నా వరి నేనే ముగిస్తా" అని అమ్మ లేచి వచ్చేసింది.

చెవుల కమ్మలు కుదువ పెడుతుందేమో అనుకుంటూ వెనకాలే నడిచాను. తిన్నగా వసారాలోకి పోయి గడ్డపార తీసుకుంది. మూడు దెబ్బలకు పొయ్యి విరిగింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. అన్నను కేకేసి, "ఇంగ నీ పొయ్యే నా పొయ్యి. ఒక పొయ్యికి ఒక తలకట్టే గదా" అంది. అన్న తన ఐదు వేలు ముందే కట్టేశాడు.

మర్నాడు ఊరి పెద్ద పంపితే ఇద్దరు తనిఖీకి వచ్చారు. ఒకడు గొంతుక్కూర్చుని బూడిద తడిమాడు, చల్లగా ఉందో లేదో అని. ఇంకొకడు ఎక్కడైనా గ్యాసుపొయ్యి దాచిందేమోనని మంచం కిందికి వంగి చూశాడు. పెద్దింటి వంటగదిలోకి ఎప్పుడైనా పోయి చూశారా అని అడిగాను. అమ్మకు వేరే పొయ్యి లేదని రాసుకుని ఇద్దరూ వెళ్లిపోయారు.

అమ్మ ములైప్పారి ఎత్తింది. పేదవాడి కోపం పెదవికి చేటంటారు, నా కోపం ఉద్యోగానికే చేటయింది. ఆఫీసు రహస్యం బయటపెట్టానని సోమవారమే పొమ్మన్నారు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. దానికి నాకు ఏడుపు లేదు.

నా ఏడుపంతా ఆ పొయ్యి గురించే. మళ్లీ వేసుకుంటే మళ్లీ ఇంకో తలకట్టు. అమ్మ తెల్లవారుజామున నాలుగు గంటలకు పూలతోటకు పోవాలి. కోడలు లేచేది ఆరింటికి. ఆమె వంటింట్లో తనంతట తానుగా గిన్నె ముట్టుకోవడానికి అమ్మకు మనసొప్పదు, లేపి అడగడానికి నోరు రాదు. ఇప్పుడు రోజూ కాఫీ తాగకుండానే పోతోంది.